పన్నెండు మిల్లీమీటర్ల రైలుదారి

ఈసారి పద్యం లేదు, శాసనం లేదు. (మా ఫణిగిరి గుట్ట మీది విష్ణుకుండుల నాటి ప్రాకృత శాసనం గురించి రాస్తానన్న మాట మరచిపోలేదు, అది మరో టపాలో.) ఇప్పుడు రాయబోయేది రైలుబండిని గురించి, అదీ జానెడు పొడవున్న రైలుబండిని గురించి. పంతులుగారికి అరవై దాటాక బాల్యం తిరిగి వచ్చిందని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఆ నవ్వులన్నీ ఇదివరకే అయిపోయాయి. టపా కాస్త పొడుగు, ఓపిక చేసుకోండి.

నాకొక పాత టేకు బల్ల ఉన్నది, అయిదడుగుల పొడవు. ముప్ఫై ఏళ్ళు దాని మీద పదోతరగతి తెలుగు జవాబుపత్రాలు దిద్దాను. ఇప్పుడు దాని మీద ఇత్తడి రేకుతో చేసిన పొగ ఇంజనొకటి నిలబడి ఉన్నది. ముందు నాలుగు చిన్న చక్రాలు, నడుమ ఆరు పెద్ద చక్రాలు, వెనుక మళ్ళీ రెండు. రంగు పడలేదు. ఒక పక్క చక్రాలను కలిపే కడ్డీలన్నీ బిగించి ఉన్నాయి. రెండో పక్క రెండు కడ్డీలు లేవు. దీన్ని చేసినవారు మా బావగారు, అంటే మా అక్క భర్త. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే పదవీ విరమణ చేశారు. ఉద్యోగమంతా బోగీల మరమ్మతు మీద. మనసు మాత్రం పొగ ఇంజన్ల మీద. విరమణ తరువాత ఈ ఇంజను మొదలుపెట్టి, ఏళ్ళ తరబడి తీరిక దొరికినప్పుడల్లా ఆకురాయి పట్టి, పూర్తి కాకుండానే కన్నుమూశారు. ఏడాది తరువాత అక్క ఒక బిస్కెట్ల డబ్బాలో పాతచీర ముక్కలు పరచి, ఈ ఇంజనునూ, ఆయన నోటుపుస్తకాన్నీ, కొన్ని పనిముట్లనూ పెట్టి నా చేతికిచ్చింది. "నువ్వన్న దీని కత చూడు తమ్మీ" అన్నది.

కథ చూడమంటే పంతులు ఏం చేస్తాడు? చరిత్ర చదువుతాడు. అలా చదివినదే ఇది.

బొమ్మ రైలు వయసు ఇంచుమించు అసలు రైలు వయసే. ఐరోపాలో పొగబండ్లు తిరగడం మొదలైన కొద్ది కాలానికే తగరపు రేకు బండ్లు, కర్ర బండ్లు పిల్లల చేతికి వచ్చాయి. కాని ఒక దుకాణంలో కొన్న బండి మరొక దుకాణంలో కొన్న పట్టాల మీద నడిచేది కాదు, ఎవరి కొలత వారిది. జర్మనీలో గోపింగెన్ అనే ఊరి మార్క్‌లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు అంకెలు పెట్టి అమ్మకానికి తెచ్చింది. పట్టాలు కొన్నవాడు వచ్చే ఏడు మరికొన్ని పట్టాలు కొని అతికించుకోవచ్చు, ఆ పై ఏడు ఒక స్టేషను, ఒక వంతెన. వ్యాపార బుద్ధే కావచ్చు, ఆటవస్తువులలో ఒక వ్యాకరణం ఏర్పడినది మాత్రం అక్కడే. తరువాత ఇంగ్లండులో నార్తాంప్టన్‌లో 1899లో మొదలైన బాసెట్-లోక్, లివర్‌పూల్‌లో 1920 నుండి తాళంచెవి తిప్పితే నడిచే బండ్లు చేసిన హార్న్‌బీ, ఇంకా ఎన్నో పేర్లు. సున్నా అనే కొలతలో పట్టాల నడుమ 32 మిల్లీమీటర్లు. ఇళ్ళు ఇరుకై, ఆటకు గది కాక బల్ల మాత్రమే మిగలడంతో దానిలో సగం కొలత పుట్టింది, 1935 నాటికి కరెంటుతో నడిచే బల్లమీది రైళ్ళు వచ్చాయి. ఆ సగం సున్నానే హెచ్.ఓ. అంటారు. పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లు, అసలు వస్తువుకు 87వ వంతు. నేడు లోకంలో ఎక్కువమంది ఆడుకునే కొలత ఇదే.

మన దేశంలో ఈ విద్య మొదట రాజుల ఇళ్ళలో కనబడుతుంది. గ్వాలియరు మహారాజు మాధవరావు సింధియా భోజనపు బల్ల మీద వెండి రైలు నడిపించారు. బాసెట్-లోక్ వారు 1906లో చేసినది. దాని డబ్బాల మీద సింధియా పేరులోని ఒక్కొక్క ఆంగ్లాక్షరం. అతిథి ముందుకు సారాయి కూజాలూ, చుట్టలూ మోసుకొచ్చేది. కూజా పైకి ఎత్తితే ఆగేది, తిరిగి పెడితే కదిలేది. మన హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళినవారంతా గంటల గడియారం ముందు గుమిగూడతారు, పిల్లల విభాగంలోని బొమ్మ రైలును ఎవరూ పట్టించుకోరు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాన్ (1889–1949) సేకరించిన వేలాది వస్తువుల నడుమ అదీ ఒకటి. మా బడి పిల్లలను తీసుకుపోయినప్పుడల్లా నేనూ గడియారం దగ్గరే నిలబడ్డాను, అది నా తప్పు.

రాజుల మాట అటుంచండి. మన తెలుగునేలపై సామాన్యుల పిల్లలకు దక్కిన రైలు ఏటికొప్పాకది. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె మీద పట్టి, తిరుగుతుండగానే లక్క అద్ది చేసే ఆ బొమ్మలలో రైలింజనుకు ఎంత ప్రసిద్ధి ఉన్నదో మీకు తెలుసు. ఎందుకని రైలింజను? నాకు తోచిన కారణం ఒకటే. తరిణె గుండ్రని వస్తువులనే ఇస్తుంది. పొగ ఇంజనులో బాయిలరు గుండ్రం, పొగగొట్టం గుండ్రం, చక్రాలు గుండ్రం. ఎద్దులబండినీ కారునూ తరిణె మీద చేయాలంటే కష్టపడాలి. పొగ ఇంజను మాత్రం తరిణె కోసమే పుట్టిందా అన్నట్టుంటుంది. డీజిలింజను వచ్చి ఏళ్ళు గడిచినా బొమ్మలవారు పొగ ఇంజనును విడవకపోవడానికి ఇదే మూలమని నా ఊహ. బొమ్మకూ నమూనాకూ తేడా కూడా ఇక్కడే ఉన్నది. ఏటికొప్పాక రైలు రైలును తలపిస్తుంది, అంతకు మించి దానికి బాధ్యత లేదు. నమూనా అలా కాదు, కొలతకు కట్టుబడాలి. కొలత అనగానే మన దేశంలో చిక్కు మొదలవుతుంది.

రెండు పట్టాల నడుమ వెడల్పును గేజి అంటారని మీకు తెలుసు. బ్రిటనులో, ఐరోపాలో ఎక్కువ చోట్ల, అమెరికాలో అది 1435 మిల్లీమీటర్లు. బొమ్మల కంపెనీలన్నీ ఆ దేశాలవి కనుక వారి 16.5 మిల్లీమీటర్ల పట్టా దీనికి అచ్చంగా 87వ వంతు. మన దేశంలో మాత్రం డల్‌హౌసీ కాలంలో ఇంకా వెడల్పు కావాలని అయిదడుగుల ఆరంగుళాలు, అంటే 1676 మిల్లీమీటర్లు, స్థిరపరచారు. 1853లో బొంబాయి నుండి ఠాణాకు నడిచిన మొదటి బండి దాని మీదే. ఖర్చు పెరిగిపోతున్నదని 1870 దశకంలో మేయో ప్రభువు హయాంలో చిన్న దారులకు సరిగ్గా ఒక మీటరు వెడల్పు ఎంచుకున్నారు. కొండదారులకు ఇంకా సన్నని పట్టాలు. ఇక లెక్క చూడండి. మన బ్రాడ్‌గేజి బోగీని 87వ వంతుకు చేస్తే దానికి 19.26 మిల్లీమీటర్ల పట్టా కావాలి. బజారులో దొరికేది 16.5. కనుక మన దేశపు నమూనాకారులు బోగీని సరైన కొలతలో చేసి, ఇరుకు పట్టా మీద నిలబెడతారు. పెద్దమనిషి కాళ్ళు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. పట్టాను నమ్ముకుని బండినే చిన్నది చేద్దామంటే దాదాపు 102వ వంతుకు పోవాలి, అప్పుడు పక్కన పెట్టే మనుషులు, చెట్లు, సిగ్నళ్ళు ఏవీ కొలతకు కుదరవు. ఏదో ఒకచోట అబద్ధమాడక తప్పదు. (ఇంగ్లండువారి అవస్థ కూడా ఇదే. వారి ఇంజన్లు చిన్నవి, లోపల ఆనాటి మోటారు పట్టక బండిని 76వ వంతుకు పెంచి, పట్టాను మాత్రం 16.5లోనే ఉంచేశారు. గేజికి పుట్టినిల్లయిన దేశమే తన గేజిని ఏడంగుళాలు కుదించుకుని ఆడుకుంటున్నది!)

హైదరాబాదు సంగతి ఇంకా విచిత్రం. సికింద్రాబాదు నుండి వాడి దాకా 1874లో పడిన నిజాం రైల్వే బ్రాడ్‌గేజి. 1889లో బెజవాడ చేరినదీ అదే. నడుమ లండనులో కంపెనీ పెట్టి, పెట్టుబడికి వడ్డీ హామీ నిజాం ఖజానా మీద వేశారు. పేరులోని 'గ్యారంటీడ్' అన్న మాట ఆ హామీయే. ఆ రోజుల్లో చందా రైల్వే పథకాన్ని ఎదిరించినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ 1883లో నగర బహిష్కారానికి గురయ్యారు. రైలు ఎవరి సొమ్ముతో ఎవరి లాభానికి అన్న ప్రశ్న మన ఊళ్ళో అంత పాతది. శతాబ్దం మారే వేళకు గోదావరి లోయ రైల్వే పేర మన్మాడుకు వేసిన దారి మీటరుగేజి. దక్షిణాన మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం పోయేదీ మీటరుగేజే. ఆ దారి కాచిగూడ, మలక్‌పేట, యాకుత్‌పురా, ఫలక్‌నుమా మీదుగా పోతుంది. చైతన్యపురికి దగ్గరి రైలు అంటే ఒకప్పుడు మాకు మలక్‌పేట మీటరుగేజి రైలే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కొన్నది, 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. పట్టాలు మాత్రం అవే.

మాది షాద్‌నగర్ పక్కన పల్లె. నేను పట్నం మొదటిసారి చూసినది ఆ మీటరుగేజి కిటికీలోంచే, కంట్లో బొగ్గునలుసు పడి ఏడుస్తూ. మా అక్క పెళ్ళయి కాపురానికి పోయినదీ ఆ బండిలోనే. బావగారు చేసిన ఇంజను ఆ దారిదే. వై.పి. తరగతి. వై అంటే మీటరుగేజి, పి అంటే ప్యాసింజరు. బ్రాడ్‌గేజికి డబ్ల్యూ, సన్నగేజికి జెడ్. ఈ వై.పి. ఇంజన్లను మొదట విదేశాల్లోనూ పిమ్మట జంషెడ్‌పూర్ టెల్కోలోనూ 1949 నుండి 1970 దాకా ఎనిమిది వందలకు పైగా చేశారు. నడిమి పెద్ద చక్రం వ్యాసం 1372 మిల్లీమీటర్లు. బావగారి నోటుపుస్తకంలో మొదటి పుట మీద ఆ అంకె, దాని కింద 87తో భాగహారం, జవాబు 15.8, దాని చుట్టూ ఎర్రసిరా గీత.

మీటరును 87తో భాగిస్తే పదకొండున్నర మిల్లీమీటర్లు వస్తుంది. లోకంలో పన్నెండు మిల్లీమీటర్ల పట్టా కూడా ఒక ప్రమాణమే, స్విస్ కొండరైళ్ళ నమూనాలకు వాడతారు. అంటే మన మీటరుగేజిని అర మిల్లీమీటరు అబద్ధంతో చేయవచ్చు. బావగారు దీన్ని కనిపెట్టి ఎంత సంబరపడ్డారో నాకింకా గుర్తు. "పంతులూ, నీ పద్యంల గణం తప్పితె నడుస్తదా? గిది గూడ గంతే. బ్రాడ్‌గేజి జెయ్యబోతె గణం తప్పుతది. మీటరుగేజి తప్పది" అన్నారు. యతి కుదరనప్పుడు కవులు చేసే సర్దుబాట్లు ఆయనకు చెప్పబోయాను గాని వినలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. మేనల్లుడు బెంగుళూరులో ఉంటాడు. వాడి కొడుక్కు విదేశం నుండి తెచ్చిన రైలు సెట్టు ఒకటి ఉన్నది, 16.5 మిల్లీమీటర్ల పట్టా, గుండ్రని దారి. తాత చేసిన ఇంజను దాని మీద నడవాలని పిల్లవాడి పట్టు. ఇది పన్నెండుది, ఎలా నడుస్తుంది? "చక్రాలు మార్పిస్తె అయిపాయె గద మామా. రైల్వేవాళ్ళు దేశమంత మార్చిన్రు. మనం ఒక ఇంజను మార్చలేమా?" అన్నాడు వాడు. న్యాయంగానే తోచింది. తాత చేసినది మనవడి చేతిలో తిరగకపోతే దేనికి? గాజుబీరువాలో పెట్టి దుమ్ము దులుపుకోవడానికా? నేను దాదాపు ఒప్పుకున్నాను. అక్క మాత్రం ఏమీ అనలేదు.

ఒప్పుకునే ముందు నోటుపుస్తకం చదివాను. రైల్వేవారు దేశమంతా మార్చినదేమిటో కూడా చదివాను. 1992లో యూనిగేజి పథకం మొదలయింది. దేశమంతటా దారులను ఒకే వెడల్పుకు తెచ్చే పని. మంచి పనే, బ్రాడ్‌గేజిలో వచ్చిన సరుకును దింపి మీటరుగేజి డబ్బాల్లోకి ఎత్తే కూలీల నడుములు అడిగితే తెలుస్తుంది. మా మహబూబ్‌నగర్ దారి కూడా ఆ దశాబ్దంలోనే మారింది. కాని మార్చినవి పట్టాలు, దిమ్మెలు, వంతెనలు. ఇంజన్లను ఎవరూ మార్చలేదు, మార్చడానికి వీలు కాదు. సిలిండర్లు, కడ్డీలు, చట్రం అన్నీ ఆ మీటరు వెడల్పు చుట్టూ కట్టినవి. అవి తుక్కుకు పోయాయి, కొన్ని మాత్రం మ్యూజియాల ముందు నిలబడ్డాయి. బావగారి ఇంజనుదీ అదే తీరు. చక్రాలను ఒక్కొక్క పక్క రెండుంబావు మిల్లీమీటర్లు బయటికి జరిపితే చక్రపు మేకు వెళ్ళి పిస్టను కడ్డీని తాకుతుంది. సిలిండర్లను కోసి జరపాలి, చట్రాన్ని వెడల్పు చేయాలి, ఒక పక్క ఆయన బిగించిన కడ్డీలన్నీ విప్పాలి. అప్పుడు మిగిలేది ఆయన ఇంజను కాదు.

(తెలుగులో యూనిగేజి మనం ఎప్పుడో చేశాం. ఱ అనే అక్షరాన్ని శకటరేఫమంటారు, వాడుకలో 'బండి ఱ'. నేను పాఠం చెప్పడం మొదలుపెట్టే నాటికే బడిపుస్తకాలు చాలావరకు ర మీదికి మారిపోయాయి. ఎఱుపు, చెఱువు అన్నీ సాధురేఫ మీదే నడుస్తున్నాయి, ఎవరికీ నష్టం లేదు. కాని పాత పద్యంలో ప్రాస చూడవలసి వచ్చినప్పుడు పట్టా తప్పుతుంది. యూనికోడులో బండి ఱకు చోటు ఇచ్చినవారెవరో వారికి నా నమస్కారం.)

కనుక ఇంజనును మార్చకుండా దారిని చేయాలనుకున్నాను. ఆకురాయి పట్టడమెరుగని పంతులుకు ఇది సాహసమే. మేనల్లుడు వద్దనుకున్న 16.5 మిల్లీమీటర్ల పట్టాలు రెండు పంపాడు, ఒక్కొక్కటి మూడడుగులు. వాటి ప్లాస్టిక్ దిమ్మెలను ఊడబెరికి పట్టాలు మాత్రం ఉంచుకున్నాను. దేశమంతా మీటరుగేజి పెరికి బ్రాడ్‌గేజి వేస్తే, మా ముందుగదిలో దానికి విరుద్ధంగా జరిగిందన్న మాట. దిమ్మెల కొలత నోటుపుస్తకంలోనే ఉన్నది: అసలు చెక్కదిమ్మె ఆరడుగుల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పు, 87వ వంతు 21 మిల్లీమీటర్లు, రెండుంబావు మిల్లీమీటర్లు. దీనికి అగ్గిపుల్ల సరిగ్గా సరిపోతుంది! తల కోసేసిన అగ్గిపుల్లలు పన్నెండు మీటర్ల పట్టాకు పదహారు చొప్పున నూట డెబ్బైకి పైగా. ప్రతి అయిదోదాని చోట మాత్రం రాగిపూత వేసిన ఎలక్ట్రానిక్ బోర్డు ముక్క. దాన్ని కోఠిలో గుజరాతీ గల్లీలో కొన్నాను. పట్టాను దాని మీద టంకం వేస్తే అది కదలదు.

వెడల్పు తప్పకుండా ఉండాలంటే? బావగారి డబ్బాలో గోరంత ఇత్తడి బిళ్ళ ఒకటి ఉన్నది. అదేమిటో మొదట నాకు అర్థం కాలేదు. రెండు గాళ్ళు, వాటి నడుమ సరిగ్గా పన్నెండు మిల్లీమీటర్లు. పట్టాల మీద బోర్లించి టంకం వేస్తే వేలు వణికినా దారి వణకదు. దారి వేసే ఆలోచన ఆయనకు ఉండేదని అప్పుడు తెలిసింది.

నా మొదటి ప్రయత్నం గురించి చెప్పాలి. ఈ బండ్లకు కరెంటు పట్టాల నుండే అందుతుంది. ఒక పట్టా ధనం, రెండోది ఋణం, పన్నెండు వోల్టులు. చక్రాలు దాన్ని గ్రహించి లోపలి మోటారుకు ఇస్తాయి. కనుక రాగి దిమ్మె మధ్యలో పూతను ఆకురాయితో గీసి తెంపాలి, లేదా రెండు పట్టాలూ దిమ్మెలోనే కలిసిపోతాయి. ముప్ఫైఅయిదు దిమ్మెలలో ముప్ఫైనాలుగు తెంపాను. స్విచ్చి వేయగానే కరెంటు పెట్టె చిన్నగా కీచుమని ఆరిపోయింది. తెంపని ఆ ఒక్క దిమ్మెను మల్టీమీటరుతో వెతకడానికి ఒక పూట పట్టింది. నా విద్యార్థుల సంధిదోషాలను ఎర్రసిరాతో అంత తేలికగా కొట్టేసేవాణ్ణి కదా అని సిగ్గేసింది.

గుండ్రని దారి ఎందుకు వేయలేదని పిల్లవాడు అడిగాడు. అసలు రైలు మలుపు ఎంత పెద్దదో వాడికి తెలియదు, నాకూ తెలియదు. బ్రాడ్‌గేజిలో అనుమతించే మిక్కిలి బిగువైన పది డిగ్రీల మలుపుకు వ్యాసార్ధం 175 మీటర్లు. 87వ వంతు రెండు మీటర్లు. అంటే అర్ధచంద్రాకారంగా తిరిగిరావడానికే నాలుగు మీటర్ల గది కావాలి. మీటరుగేజి ఇంకా ఎక్కువ వంగుతుంది గాని, మా ముందుగదికి అదీ చాలదు. బొమ్మల సెట్టులో వ్యాసార్ధం 36 సెంటీమీటర్లే ఉంటుంది, అందుకే దాని మీద పొడుగు బోగీలు పక్కలకు పొడుచుకు వస్తాయి. కనుక మాది అయిదడుగుల తిన్నని దారి. ఒక కొస నుండి మరో కొసకు, తిరిగి వెనక్కి.

వేగం కూడా కొలతకు ఉండాలి. గంటకు 40 కిలోమీటర్లతో పోయే ప్యాసింజరును 87తో భాగిస్తే సెకనుకు 13 సెంటీమీటర్ల లోపే. మా దారి దాటడానికి పది పన్నెండు సెకన్లు. పట్టా పైఅంచున ప్రతి 138 మిల్లీమీటర్లకు సన్నని గాటు పెట్టాను. అసలు మీటరుగేజి పట్టా పన్నెండు మీటర్లుండేది, దాని అతుకు అది. చక్రం ఆ గాటు దాటినప్పుడు చెవి ఒగ్గితే చిన్న టక్కుమన్న చప్పుడు వినబడుతుంది.

దుమ్ము గురించి ఒక మాట. దిల్‌సుఖ్‌నగర్ దుమ్ము ఎటువంటిదో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రెండు రోజులు తుడవకపోతే పట్టా నల్లబడుతుంది, ఇంజను ఆగి ఆగి నడుస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో పట్టానూ చక్రాలనూ తుడవాలి. ఇరుసుకు సూదిమొన నూనె, అంతకు మించితే అది పట్టా మీదికి దిగి జారుతుంది. రేకు మీద నూనె వేలిముద్ర పడితే మరకగా మిగిలిపోతుంది. బావగారి వేలిముద్ర ఒకటి బాయిలరు కింద ఉన్నది. దాన్ని మాత్రం తుడవలేదు.

రెండో పక్క కడ్డీలు ఇంకా లేవు. ఒక పక్క కడ్డీలతోనే చక్రాలు తిరుగుతాయి, కాస్త కుంటుతూ. దారి పూర్తయిన రోజు అక్కను రమ్మన్నాను. చైతన్యపురి మెట్రో స్టేషను నుండి నడిచి వచ్చింది. (అన్నట్టు, 2018లో మా మీదుగా ఎల్.బి. నగర్‌కు వచ్చిన మెట్రో 1435 మిల్లీమీటర్ల గేజి. అబద్ధం లేకుండా 16.5 పట్టా మీద నడిపించదగిన హైదరాబాదు రైలు ఇన్నాళ్ళకు ఒకటి దొరికిందని మేనల్లుడి కొడుక్కు చెప్పాను. ఇప్పుడు వాడు అట్టముక్కలతో మెట్రో చేస్తున్నాడు, తాత ఇంజను చక్రాలు మార్చమని అడగడం లేదు.) ఇంజను పది సెకన్లు నడిచి ఆ కొసన ఆగింది. అక్క కళ్ళద్దాలు సవరించుకుని వంగి చూసింది. "పొగలేదు గని, గదే" అన్నది. మళ్ళీ నడిపించమన్నది. ఏడుసార్లు నడిపించాను.

ఇక మీతో ఒక పని. ఇంజను క్యాబు పక్కన నంబరు రాయాలి. వై.పి. తరువాత నాలుగంకెలు. నోటుపుస్తకం చివరి పుటలో బావగారు "నంబరు –" అని రాసి, "యాదికొస్తలేదు, చూడాలె" అని వదిలేశారు. ఏదో ఒక నంబరు కాదు, అక్కను కాపురానికి తెచ్చిన బండిదే ఆయన వెతికినదని అక్క అంటున్నది. ఆ ఏడు 1974. కాచిగూడలోనో మలక్‌పేటలోనో షాద్‌నగర్‌లోనో ఆ కాలపు మీటరుగేజి బండి ముందు ఎవరైనా ఫోటో దిగి ఉంటే, ఆల్బములు ఒకసారి తిరగేయండి. మనుషుల వెనుక ఇంజను మీద అంకెలు కనబడితే చాలు. అప్పటిదాకా క్యాబు మీద నల్లరంగు మాత్రమే వేస్తాను.